విండోస్ 11: హోమ్ చాలా, ప్రో కావాలా?

లాప్‌టాప్ కొనేటప్పుడు షాపుల్లో తరచూ వినపడే మాట, "ప్రో వేయించుకోండి సార్, స్పీడుగా ఉంటుంది" అని. స్పీడుకీ దీనికీ ఏం సంబంధం లేదండి, హోమ్, ప్రో రెండూ విండోస్‌లో రకాలే, లోపలున్నది ఒకటే, హోమ్‌లో కొన్ని గదులకి తాళం వేసుంటుంది అంతే. ర్యామ్ హోమ్‌లో 128 జీబీ దాకా, ప్రోలో 2 టీబీ దాకా పడుతుందంటారు, మనం వాడేది ఎనిమిదో పదహారో, ఆ లెక్క మనకెందుకు.

నన్నడిగితే డబ్బులు పెట్టదగ్గ తేడా రిమోట్ డెస్క్‌టాప్ ఒక్కటే. ఇంట్లో సిస్టమ్‌ని ఇంకోచోట కూర్చుని తెరవాలంటే ఆ ఇంట్లోదాంట్లో ప్రో ఉండాలి, మీ చేతిలో ఉన్నదాంట్లో హోమ్ ఉన్నా పర్లేదు. చాలామంది ఇది తిరగేసి అర్థం చేసుకుని చేతిలోదానికి ప్రో కొంటారు. పైగా బయట నెట్‌నుంచి అయితే వీపీఎన్ (మన ఇంటి నెట్‌కి వేరేవాళ్లు చొరబడకుండా వేసుకునే రహస్య దారి) కూడా పెట్టుకోవాలి, నేరుగా ఓపెన్ చేసి వదిలేస్తే ప్రమాదం. ఎప్పుడో ఓసారి నాన్నగారి కంప్యూటర్లో ప్రింటర్ సరిచేయడానికైతే ఎనీడెస్క్ లాంటి రిమోట్ యాప్ సరిపోతుంది.

తర్వాత బిట్‌లాకర్, అంటే డిస్క్‌లో ఉన్నది వేరేవాళ్లు చదవకుండా లాక్ చేసే ప్రో సౌకర్యం. హోమ్‌లో అసలు లాకే లేదనుకోకండి, డివైస్ ఎన్‌క్రిప్షన్ అని ఉంటుంది, కొత్త లాప్‌టాప్‌లో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే చాలాసార్లు మనకి తెలీకుండానే ఆన్ అయిపోతుంది. ఎప్పుడైనా ఆ లాక్ అడ్డుపడితే తెరవడానికి కావాల్సిన 48 అంకెల రికవరీ కీ ఆ అకౌంట్లోనే ఉంటుంది, ఈరోజే ఓసారి చూసి కాగితం మీద రాసిపెట్టుకోండి, ఆ కాగితం లేక, అకౌంట్ పాస్‌వర్డ్ కూడా మర్చిపోతే ఫొటోలన్నీ పోయినట్టే. పెన్‌డ్రైవ్‌కి కూడా లాక్ పెట్టాలంటే మాత్రం ప్రో ఉండాలి.

బీటెక్ పిల్లలు హైపర్-వీ (కంప్యూటర్లోనే ఇంకో కంప్యూటర్ నడిపేది), శాండ్‌బాక్స్ (అనుమానం ఉన్న ప్రోగ్రాములు విడిగా నడిపి చూసేది) కోసం ప్రో అడుగుతుంటారు. నిజమే, అవి హోమ్‌లో రావు, కానీ లినక్స్ నేర్చుకోడానికి డబ్ల్యూఎస్ఎల్ (విండోస్ లోపలే లినక్స్ నడిపేది) హోమ్‌లోనూ నడుస్తుంది, హైపర్-వీ లాంటి పనే చేసే వర్చువల్‌బాక్స్ ఎలాగూ ఫ్రీ. ఆఫీసు డొమైన్‌లో (కంపెనీ కంప్యూటర్లన్నీ ఒకచోటినుంచి నడిపే నెట్‌వర్క్) కలపాలి, గ్రూప్ పాలసీ అనే సెట్టింగుల పట్టీతో అప్‌డేట్లు వెనక్కి నెట్టాలి అంటే ప్రో తప్పదు, ఆ ఖర్చు ఆఫీసువాళ్లనే పెట్టుకోమనండి.

మన దగ్గర అమ్మే లాప్‌టాప్‌లలో చాలావాటికి వచ్చేది హోమ్ సింగిల్ లాంగ్వేజ్. పేరు చూసి తెలుగు టైపింగ్ రాదేమో అని కంగారు పడతారు, మెనూలు ఒక్క భాషలోనే కనిపిస్తాయి గానీ తెలుగు ఫొనెటిక్ కీబోర్డు శుభ్రంగా పెట్టుకోవచ్చు.

కాబట్టి ముందు హోమ్‌తోనే కొనండి. అవసరం పడితే సెట్టింగ్స్‌లో యాక్టివేషన్‌కి వెళ్లి స్టోర్లో ప్రో కొనుక్కోవచ్చు, ఫార్మాట్ అక్కర్లేదు, ఫైళ్లు ఎక్కడివి అక్కడే ఉంటాయి. ఆన్‌లైన్లో ఐదారొందలకి అమ్మే ప్రో కీల జోలికి మాత్రం పోకండి, వాటిల్లో చాలా వరకు ఏదో కంపెనీకి బల్క్‌లో ఇచ్చినవే, పనిచేసినన్నాళ్లు పనిచేసి ఓరోజు బ్లాక్ అయితే అమ్మినవాడు ఫోన్ ఎత్తడు.