ఇయోసినోఫిల్స్ ‘ఎక్కువ’ అని రాస్తే సరిపోతుందా, అంకె వేయాలా?

అన్నవాహిక బయాప్సీ రిపోర్టులో "ఇయోసినోఫిల్స్ ఎక్కువగా ఉన్నాయి" అని రాసి సంతకం పెట్టేయడం తేలిక. ఇయోసినోఫిల్స్ అంటే ఒక రకం తెల్ల రక్తకణాలు; బయాప్సీ అంటే లోపలి పొర నుంచి తీసిన చిన్న ముక్కని మైక్రోస్కోప్ కింద చూడటం. నేనూ కొన్నాళ్లు అదే చేశాను. ఒకసారి మందులు వాడిన తర్వాత మళ్లీ బయాప్సీ చేయించుకున్న పేషెంటు స్లైడు వచ్చింది. పాత రిపోర్టులో "ఎక్కువ" అని ఉంది, ఇప్పుడు చూసినా ఎక్కువే. ఎండోస్కోపీ చేసిన డాక్టరుగారు ఫోన్ చేసి "ఇంతకీ తగ్గాయా లేదా అండీ?" అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. పాత స్లైడు వెతికించి మళ్లీ లెక్కపెట్టాను.

కాబట్టి అంకె వేయాల్సిందే. ఇయోసినోఫిలిక్ ఈసోఫెజైటిస్‌కి (ఈ కణాలు చేరి అన్నవాహిక వాచే జబ్బుకి) అందరూ వాడే గీత, అంటే హద్దు, ఒక హై పవర్ ఫీల్డ్‌లో (మైక్రోస్కోప్‌లో 40ఎక్స్ కటకంతో ఒకసారి కనిపించే వృత్తంలో) 15. ముందు లో పవర్‌లో ముక్కలన్నీ తిరిగి చూసి, ఎర్రటి గుళికలున్న ఈ కణాలు బాగా గుమిగూడిన చోటు పట్టుకుని అక్కడే లెక్కపెట్టాలి. నాలుగైదు ఫీల్డ్‌లు చూసి సగటు వేస్తే జబ్బు కాస్తా పలచబడి కనిపిస్తుంది, ఎందుకంటే ఇది పొరంతా ఒకేలా ఉండదు, మచ్చలు మచ్చలుగా ఉంటుంది. వంద దాటిందని చూడగానే తెలిసిపోతే ఒక్కొక్కటీ లెక్కపెడుతూ కూర్చోను, "100కి పైన" అని రాస్తాను. ఓపిక దాచుకోవాల్సింది 12కీ 18కీ మధ్య ఊగే స్లైడుకి.

అయితే ఉత్త అంకెతో ఒక చిక్కుంది. ఫీల్డ్ ఎంత పెద్దదో మైక్రోస్కోప్‌ని బట్టి మారుతుంది. ఐపీస్ (కన్ను పెట్టి చూసే కటకం) మీద 18 అని ఉంటే 40ఎక్స్‌లో కనిపించే వృత్తం వ్యాసం 0.45 మి.మీ., వైశాల్యం దాదాపు 0.16 చదరపు మి.మీ. ఐపీస్ 22 అయితే వ్యాసం 0.55, వైశాల్యం 0.24. కణాలు అంతే దట్టంగా ఉన్నా 18 ఐపీస్ ఉన్న పాత మైక్రోస్కోప్‌లో 11 కనిపిస్తే 22 ఉన్న కొత్తదాంట్లో 16 కనిపిస్తాయి. ఒక ల్యాబ్‌లో గీతకి కింద, ఇంకో ల్యాబ్‌లో పైన! అదే చదరపు మి.మీ.కి మారిస్తే రెండూ 70కి కాస్త అటూ ఇటూ వస్తాయి, 15కి సమానంగా చెప్పే 60 కంటే ఎక్కువే. అందుకే నా ఓటు ఈ చదరపు మి.మీ. లెక్కకి. అంత లెక్క ఎవరు చేస్తారంటే, కనీసం ఫీల్డ్ వైశాల్యం ఎంతో పక్కన రాయండి, చాలు.

ఇంతా చెప్పి మాటలు అక్కర్లేదని మాత్రం అనను. యాసిడ్ రిఫ్లక్స్‌లోనూ (కడుపులోని యాసిడ్ కింది నుంచి అన్నవాహికలోకి ఎగదన్నడం) ఒక్కోసారి 15 దాటతాయి. అంకె ఒక్కటే చూసి జబ్బు పేరు తేల్చేస్తే తప్పు. కణాలు పైవరుసలో బారులు తీరాయా, నాలుగూ అంతకన్నా ఎక్కువగా కలిసి గుంపు కట్టాయా, బేసల్ పొర (అన్నిటికన్నా అడుగు పొర) మందమైందా, ముక్క అన్నవాహిక పైభాగంలోదా కిందిభాగంలోదా అన్నవి మాటల్లోనే చెప్పాలి. పైభాగంలోనూ గుంపులు ఉంటే రిఫ్లక్స్ మీద నాకు నమ్మకం తగ్గుతుంది. పై ముక్కలూ కింది ముక్కలూ ఒకే డబ్బాలో వేసి పంపితే ఆ సంగతి చెప్పే దారే ఉండదు.

కనీసం 6 ముక్కలు తీయమంటారు. రెండే వచ్చి, వాటిలో 9 కనిపిస్తే "9" అని రాసి ఊరుకోను. ముక్కలు రెండే వచ్చాయన్న మాట ఆ అంకె పక్కనే రాస్తాను.