వ్యాన్‌లో రెండో బ్యాటరీకి రిలేనా, డీసీ-డీసీ ఛార్జరా, సోలారా? ఏది మేలు?

వ్యాన్‌ను క్యాంపర్‌గా, అంటే లోపలే పడుకుని ఉండే బండిగా మార్పించుకునేవాళ్లు ఫ్యాను, ఫ్రిజ్‌ల కోసం ఇంజన్ బ్యాటరీ కాక రెండోది పెట్టుకుంటారు, మొదట అది ఎంత పెద్దది పెట్టాలని అడుగుతారు. దానికంటే ముందు, వాడుకున్న కరెంటు మళ్లీ ఎలా నిండుతుందో తేల్చుకోవాలి.

తిరుపతి వేసవిలో 28 వాట్ల ఫ్యాను రాత్రంతా తిరిగితే 12 వోల్టుల బ్యాటరీలోంచి దాదాపు 19 ఆంపియర్-అవర్లు (బ్యాటరీలో నిల్వ ఉండే కరెంటు కొలత) పోతాయి. చిన్న కంప్రెసర్ ఫ్రిజ్ ఈ ఎండలకు రోజుకు మరో 40 దాకా తీసుకుంటుంది. అంటే రోజుకు 60. లెడ్ యాసిడ్ బ్యాటరీని సగానికి మించి దింపితే త్వరగా పాడవుతుంది, కాబట్టి 100 ఆంపియర్-అవర్లది చాలదు. అదే సైజు లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ 80 దాకా ఇస్తుంది. ఇంటి ఇన్వర్టర్ ట్యూబులర్ బ్యాటరీని మాత్రం పడుకునే చోట పెట్టకండి. ఛార్జయ్యేటప్పుడు హైడ్రోజన్ వదులుతుంది, ఘాట్ మలుపుల్లో యాసిడ్ చిందే ప్రమాదమూ ఉంది.

రిలే అంటే తనంతట తాను పనిచేసే స్విచ్, చవక. ఇంజన్ నడుస్తుంటే రెండు బ్యాటరీలను కలుపుతుంది, ఆపితే విడదీస్తుంది. పాత డీజిల్ బండికి, లెడ్ యాసిడ్‌కి ఇది చాలు. కొత్త బండ్లలో కొన్నిటికి ఆల్టర్నేటర్ (ఇంజన్‌తో తిరిగి కరెంటు తయారుచేసేది) ఇంధనం ఆదా కోసం వోల్టేజీ తగ్గించేస్తుంది, అప్పుడు రెండో బ్యాటరీ పూర్తిగా నిండదు. లిథియంతో చిక్కు ఇంకా ఎక్కువ. అది ఖాళీగా ఉంటే ఆల్టర్నేటర్ ఇవ్వగలిగినంతా లాగి ఆల్టర్నేటర్‌నే వేడెక్కిస్తుంది. నిండితే 13.3 వోల్టుల దగ్గర నిలబడుతుంది. వోల్టేజీ చూసి పనిచేసే రిలేలు దాదాపు 12.8కి దిగితే గానీ విడిపోవు. ఇంజన్ ఆపినా రెండూ కలిసే ఉంటాయి, తెల్లారి సెల్ఫ్ అందుకోకపోతే టెన్షన్ మీకే.

డీసీ-డీసీ ఛార్జర్ ఖర్చు ఎక్కువైనా నా ఓటు దానికే. ఆల్టర్నేటర్ నుంచి తనకు నిర్ణయించినంతే తీసుకుని, బ్యాటరీకి కావలసిన వోల్టేజీ ఇస్తుంది. 30 ఆంపియర్లది పెడితే తిరుపతి నుంచి చిత్తూరు దాకా గంటన్నర ప్రయాణంలో 45 ఆంపియర్-అవర్ల దాకా చేరుతుంది.

సోలార్ నిలిచి ఉన్న బండికి మంచిది. 200 వాట్ల ప్యానెల్ మంచి ఎండ రోజున 60 ఆంపియర్-అవర్ల దాకా ఇవ్వగలదు. కానీ తలకోన అడవికి వెళ్లి చెట్ల నీడలో ఆపామంటే ఆ లెక్క పనికిరాదు, కొమ్మ నీడ కొంచెం పడినా చాలా పోతుంది. ఈశాన్య రుతుపవనాల వానల్లోనూ అంతే. సోలార్‌ను రెండో ఆధారంగా, డీసీ-డీసీ ఛార్జర్ పెట్టాకే కొనండి.

ఏది పెట్టినా "ఛార్జ్ ఎక్కట్లేదు" అంటే వెంటనే బ్యాటరీ మార్చేయకండి. ఇంజన్ నడుస్తుండగా మల్టీమీటర్‌తో (వోల్టేజీ కొలిచే మీటరు) మొదట ఇంజన్ బ్యాటరీ దగ్గర, తర్వాత అక్కడి నుంచి వెనక్కి వచ్చే తీగ చివర కొలవండి. తేడా అర వోల్టు దాటితే తప్పు తీగలోనో, ఎర్త్ బోల్టు (నెగటివ్ తీగను బండి బాడీకి బిగించేది) తుప్పులోనో ఉంటుంది. 6 చదరపు మిల్లీమీటర్ల తీగ రానూపోనూ 10 మీటర్లుంటే 30 ఆంపియర్లకు దాదాపు 0.9 వోల్టు దారిలోనే పోతుంది. 16ది వేస్తే అది 0.35కి దిగుతుంది. తీగ మార్పించేటప్పుడే రెండు బ్యాటరీల దగ్గరా చెరొక ఫ్యూజు, టెర్మినల్‌కు జానెడు దూరంలోపు పెట్టించండి.