బైపాస్ తర్వాత గర్భం: గ్లూకోజు పరీక్షా, గ్లూకోమీటరా?

గ్యాస్ట్రిక్ బైపాస్ (బరువు తగ్గడానికి పొట్టను చిన్నది చేసి నేరుగా చిన్నపేగుకు కలిపే ఆపరేషన్) చేయించుకున్న స్త్రీ గర్భం దాల్చినప్పుడు మధుమేహాన్ని కనిపెట్టడానికి రెండు దారులున్నాయి: అందరికీ చేసే 75 గ్రాముల గ్లూకోజు పరీక్ష, లేదా ఇంట్లోనే వారం రోజులపాటు గ్లూకోమీటరుతో చూసుకోవడం.

మొదటిది చవక, ఒక్క పూటలో తేలిపోతుంది. అయితే బైపాస్ తర్వాత తాగిన గ్లూకోజు త్వరగా చిన్నపేగులోకి జారి, గంటలోపే రక్తంలో చక్కెరను అమాంతం పెంచుతుంది. దానికి ప్రతిగా ఇన్సులిన్ వెల్లువెత్తడంతో రెండో గంటకల్లా చక్కెర బాగా పడిపోయి, చెమటలు, వణుకు, గుండెదడ రావచ్చు. మన దేశంలో ప్రభుత్వ మార్గదర్శకాల ప్రకారం రెండు గంటల తర్వాత ఒక్కసారే రక్తం తీసి చక్కెర డెసిలీటరుకు 140 మి.గ్రా. లేదా అంతకు మించి ఉందా అని చూస్తారు కనుక, సరిగ్గా ఆ పడిపోయిన అంకెనే చూసి అంతా బాగుందనుకునే ప్రమాదం ఉంది.

గ్లూకోమీటరుతోనైతే 24–28 వారాల మధ్య పరగడుపునా, భోజనమైన గంటకూ చూస్తారు. పరగడుపున 95, గంటకు 140 మి.గ్రా. లోపు ఉండాలి. రోజుకు నాలుగుసార్లు వేలు గుచ్చుకోవడం విసుగే, స్ట్రిప్పుల ఖర్చూ ఉంటుంది. అయినా ఆమె నిజంగా తినే ఇడ్లీకీ అన్నానికీ శరీరం ఎలా స్పందిస్తుందో చెప్పేది ఇదే కాబట్టి, నా మొగ్గు దీనివైపే. స్లీవ్ ఆపరేషన్ (బరువు తగ్గడానికి పొట్టలో ఎక్కువ భాగాన్ని తీసేసేది) అయినవారిలోనూ ఇలాంటి ఎగుడుదిగుడులు కనిపిస్తాయి.