హైదరాబాద్–సింగపూర్: వెళ్లేటప్పుడు ఒకలా, వచ్చేటప్పుడు ఒకలా

సింగపూర్ నుంచి ఇంటికి వచ్చే సాయంత్రం ఫ్లైటంటే నాకు ప్రాణం. ఏళ్ల తరబడి ఈ దారిలో తిరుగుతున్నా ఆ ఇష్టం తగ్గలేదు. రాత్రి ఎనిమిదింటికి బయల్దేరితే పదిన్నరలోపే శంషాబాద్‌లో దిగేస్తాం. ప్రయాణం నాలుగున్నర గంటలకు అటూఇటూ, సింగపూర్ టైము మనకంటే రెండున్నర గంటలు ముందుంటుంది కాబట్టి గడియారంలో మాత్రం రెండు గంటలే గడుస్తాయి. 1982కి ముందు రెండు దేశాల టైముకీ తేడా రెండు గంటలే. ఆ ఏడాది జనవరి 1న మలేసియాతో పాటు సింగపూర్ కూడా గడియారాన్ని అరగంట ముందుకు జరిపింది. ఇంటికొచ్చే మాలాంటివాళ్లకు ఆ అరగంటా కలిసొచ్చింది.

తిరిగి వెళ్లేటప్పుడు ఆ రెండున్నర గంటలూ కట్టేయాలి. అర్ధరాత్రికి కాస్త ముందు ఎక్కుతాం. భోజనాలయి లైట్లు ఆర్పేసరికి బంగాళాఖాతం మీద ఉంటాం. నికోబార్ దాటి మలక్కా జలసంధి మీదికి రాగానే మళ్లీ లైట్లు వేస్తారు. దూరం సుమారు 3,300 కిలోమీటర్లు. కంటినిండా నిద్రపోవడానికి అది చాలదు.

పైగా ఆ వేళకే సుమత్రా స్క్వాల్స్. ఏప్రిల్ నుంచి నవంబర్ మధ్య ఇండోనేసియాలోని సుమత్రా దీవి వైపు రాత్రిపూట మేఘాలు వరసకట్టి, తెల్లవారుజామున గాలివానతో సింగపూర్ మీదికి వస్తుంటాయి. ఒకసారి సరిగ్గా అందులో చిక్కుకున్నాం. స్క్రీన్ మీద ఇంకో ఇరవై నిమిషాలని చూపిస్తోంది. ఆ ఇరవై తగ్గదు. మ్యాప్‌లో మా విమానం ఒకే చోట సున్నాలు చుడుతోంది. చివరికి ఇంధనం చాలదని కౌలాలంపూర్‌కి మళ్లించారు. అక్కడ దింపలేదు, సీట్లలోనే కూర్చోబెట్టారు.

పక్క సీట్లో కూతురి పురుడుకని మొదటిసారి విమానమెక్కిన పెద్దావిడ. చక్రాలు నేలకి తగలగానే, "ఇదేనా బాబూ సింగపూర్?" అని బ్యాగు సర్దుకున్నారు. కాదమ్మా అనేసరికి ఆవిడ ముఖం పాలిపోయింది. అనౌన్స్‌మెంట్లన్నీ ఇంగ్లిష్‌లోనే. హైదరాబాద్‌లో బయల్దేరిన విమానంలో నాలుగు ముక్కలు తెలుగులో చెప్పే మనిషి ఒక్కరూ లేకపోవడం నాకు ఇప్పటికీ కోపమే. ఆవిడ పర్సులోంచి నంబరు రాసిన కాగితం తీశారు. నా ఫోన్లో కలిపిచ్చాను. "నువ్వేం టెన్షన్ పడకమ్మా, అక్కడే ఉండు" అని కూతురికి ఆవిడే ధైర్యం చెప్పారు. ఇంధనం నింపుకుని, వాన తెరిపిచ్చాక బయల్దేరి, సింగపూర్ చాంగీ ఎయిర్‌పోర్టులో దిగేసరికి పొద్దెక్కిపోయింది.

సాయంత్రం ఫ్లైటుని అంతగా మెచ్చుకున్నా కదా, మాది హనుమకొండ. శంషాబాద్‌లో లగేజీ తీసుకుని, రింగు రోడ్డెక్కి, ఘట్‌కేసర్ మీదుగా ఇల్లు చేరేసరికి రెండు దాటుతుంది. కలిసొచ్చిన టైమంతా కారులోనే పోతుంది. అయినా పొద్దున్నే అమ్మ చేతి టిఫిన్ దొరుకుతుంది కాబట్టి నేను ఆ ఫ్లైటే ఎక్కుతాను. హైదరాబాద్‌లోనే ఇల్లున్నవాళ్లకయితే ఇంతకంటే మంచి ఫ్లైటు లేదంటాను. శ్రీకాకుళం, విజయనగరం వైపు వాళ్లు విశాఖ నుంచి నేరుగా వెళ్లేది చూసుకోవచ్చు, దూరం నాలుగొందల కిలోమీటర్ల దాకా తగ్గుతుంది. రాత్రి ఫ్లైటు మాత్రం, దిగిన రోజే ఆఫీసుకి వెళ్లాల్సి ఉంటే నేను తీసుకోను. శుక్రవారం రాత్రి ఎక్కితే శని, ఆదివారాలు చేతిలో ఉంటాయి. చంటిపిల్లలు ఉన్నవాళ్లు, టికెట్ కాస్త ఎక్కువైనా, పగటి ఫ్లైటు దొరుకుతుందేమో చూడండి.