మొండికేసిన ఆయిల్ ఫిల్టర్, మూడు కాళ్ళ రెంచ్: 6 ఏళ్ళ వాడకం తరువాత

ఇంట్లోనే కారు ఇంజిన్ ఆయిల్ మార్చుకునేవారికి ఆ పనంతటిలో గుండె దడ పుట్టించే ఘట్టం పాత ఫిల్టర్‌ను విప్పడం. డ్రెయిన్ బోల్ట్‌కు పలకలుంటాయి కాబట్టి సరైన కొలత పానా వేస్తే తిరుగుతుంది. ఫిల్టర్ మాత్రం నున్నటి, గుండ్రటి, పలుచని రేకు డబ్బా, పైగా చేయి తిన్నగా దూరని సందులో జిడ్డు పట్టి ఉంటుంది. బిగుసుకుపోయిన ఫిల్టర్ల కోసం 6 ఏళ్ళ కిందట నేను కొన్న మూడు కాళ్ళ రెంచ్ ఎక్కడ ఆదుకుందో, ఎక్కడ చేతులెత్తేసిందో ఇక్కడ రాస్తున్నాను. ఈ కాలంలో రెండు కార్లకు కలిపి 14 సార్లు ఆయిల్ మార్చగా, 5 సార్లు దీని అవసరం పడింది.

దీన్ని కొనడానికి కారణం అంతకుముందు జరిగిన ఒక నష్టం. మొదటిసారి ఇంట్లో ఆయిల్ మార్చిన రోజున, ఒక వర్క్‌షాపులో బిగించిన ఫిల్టర్ రెండు చేతులతో తిప్పినా కదలలేదు. ఎవరో చెప్పిన ఉపాయం పాటించి, పొడవాటి స్క్రూడ్రైవర్‌ను సుత్తితో కొట్టి డబ్బాలో ఇవతలి నుండి అవతలికి దింపి, దాన్నే పిడిగా పట్టుకొని తిప్పాను. ఫిల్టర్ తిరగలేదు, రేకు మాత్రం స్క్రూడ్రైవర్ వెంట కాగితంలా చిరుగుతూ పోయింది, లోపల మిగిలిన ఆయిల్ మణికట్టు మీదుగా మోచేతి దాకా కారింది. మరో రెండు ప్రయత్నాలకు డబ్బా ఊడివచ్చి, మడతలు మడతలుగా ఉన్న వడపోత కాగితం చేతిలోకి రాగా, అడుగు పళ్ళెం ఒక్కటే ఇంజిన్‌కు అంటుకొని మిగిలింది. ఆ పళ్ళెంలో నడిమి మర చుట్టూ ఆయిల్ లోనికి పోయే చిన్న రంధ్రాలుంటాయి. ఒక రంధ్రం అంచున ఉలిని ఏటవాలుగా ఆనించి, విప్పే దిశలో చిన్న చిన్న దెబ్బలు వేస్తూ పోగా, గంటన్నర తరువాత అది కదిలింది. డబ్బాకు చిల్లు పడిందంటే ఆ బండిని నడిపి ఎక్కడికీ తీసుకుపోలేము, ఇంజిన్ స్టార్ట్ చేస్తే ఆయిలంతా ఆ చిల్లులోంచే బయటికి చిమ్ముతుంది. అందువల్ల స్క్రూడ్రైవర్ పద్ధతిని మొదటి ప్రయత్నంగా నేను ఎవరికీ చెప్పను.

మూడు కాళ్ళ రెంచ్ పనిచేసే తీరు సులువుగానే ఉంటుంది. నడుమ ఉన్న చదరపు రంధ్రంలో రాట్చెట్ (ఒక దిశలోనే పట్టు పట్టి తిప్పే పిడి) పెట్టి తిప్పితే, లోపలి పళ్ళచక్రాలు మూడు కాళ్ళను ఒకేసారి లోపలికి ముడుస్తాయి; కాళ్ళు డబ్బాను పట్టుకున్నాక చక్రాలు ఇక తిరగలేవు కాబట్టి, ఆపైన వేసిన బలమంతా ఫిల్టర్‌ను తిప్పడానికే పోతుంది. ఎంత గట్టిగా తిప్పితే పట్టు అంత గట్టిపడుతుంది. నా దగ్గరున్నది సుమారు 63 నుండి 102 మిల్లీమీటర్ల వ్యాసం వరకు పడుతుంది, నా కార్ల ఫిల్టర్లు 66, 76 మిల్లీమీటర్లవి కావడంతో రెండింటికీ ఇదొక్కటే సరిపోయింది. కిందనుండి, అంటే ఫిల్టర్ మూసి ఉన్న కొసను చూస్తూ, గడియారపు ముళ్ళకు ఎదురుదిశలో తిప్పాలి. వాహనం కింద వెల్లకిలా పడుకున్నప్పుడు ఈ దిశ తారుమారుగా తోచి, విప్పుతున్నామనుకుంటూ ఇంకా బిగించేవారున్నారు.

జిడ్డు దీనికి పెద్ద శత్రువు. రెండోసారి వాడినప్పుడు ఒక కాలు జారి, డబ్బా మీద మెరిసే గీత ఒకటి గీసి, కిర్రుమంటూ పక్కకు ఒరిగింది. అప్పటి నుండి పాత గుడ్డతో డబ్బాను పూర్తిగా తుడిచి, అవసరమైతే పెట్రోలు తడి చేసిన గుడ్డతో చల్లని ఇంజిన్ మీదే మరోసారి తుడిచి, అది ఆరిన తరువాతే ఇంజిన్‌ను కొద్ది నిమిషాలు నడుపుతున్నాను. గోరువెచ్చని ఇంజిన్ మీద, ఫిల్టర్‌కూ ఇంజిన్‌కూ మధ్య ఉండే రబ్బరు రింగు మెత్తబడి తొందరగా వదులుతుంది. పూర్తిగా వేడెక్కిన ఇంజిన్‌లో మాత్రం ఆయిల్ 90 డిగ్రీల సెల్సియస్ పైబడి ఉంటుంది కాబట్టి చర్మం కాలుతుంది. ఆ తరువాత ఒక్కసారిగా కుదపకుండా, నిలకడగా బలం పెంచుకుంటూ పోవాలి. బండిని ఉత్త జాకీ మీద నిలిపి దాని కింద ఈ బలం వేయడం ప్రాణాపాయం. బండి బరువును మోసే జాకీ స్టాండ్లు లేకుండా ఈ పని మొదలుపెట్టకూడదు.

లోపాలూ ఉన్నాయి. కాళ్ళు డబ్బా కొసను పట్టుకుంటాయి, బిగుసుకున్నదేమో రెండో కొసన ఉన్న రబ్బరు రింగు. మధ్యలో ఉన్న పలుచని రేకు ఆ మెలికను తట్టుకోవాలి. 11వ మార్పులో అది తట్టుకోలేకపోయింది: ఫిల్టర్ కదలకముందే రేకు నడుము దగ్గర ముడుచుకొని మెలితిరిగింది. రెంచ్ తీసేసి, డబ్బా చుట్టూ బిగిసే ఉక్కు పట్టీ రెంచ్‌ను డబ్బా మొదట్లో, అడుగు పళ్ళెం దన్నుగా ఉండే చోట వేసి తిప్పితే వదిలింది. ఇంకొక ఇబ్బంది ఏమిటంటే, ఫిల్టర్ కొసకు ఎదురుగా రెంచ్, రాట్చెట్ పట్టేంత ఖాళీ కావాలి. అడ్డు కమ్మీకి దగ్గరగా బిగించిన ఫిల్టర్లకు ఇది దూరనే దూరదు. ఏళ్ళు గడిచేకొద్దీ కాళ్ళ కీళ్ళు కాస్త వదులయ్యాయి, పళ్ళచక్రాల్లో మట్టి చేరకుండా వాడిన ప్రతిసారీ తుడిచి ఒక చుక్క నూనె వేయవలసి వస్తోంది.

గిన్నెలా డబ్బా కొసకు తొడిగే రెంచ్‌ను కూడా వాడాను. కొలత, డబ్బా కొస చుట్టూ ఉండే పలకల సంఖ్య కచ్చితంగా కుదిరితే అంతకన్నా శుభ్రంగా పనిచేసేది లేదు, కానీ వేరే కంపెనీ ఫిల్టర్ వేసిన రోజున అది అక్కరకు రాకపోవచ్చు. గొలుసు రెంచ్ పట్టు బాగానే ఉంటుంది గాని, దాని పిడి ఊగడానికి నా కార్లలో చోటే లేదు. రబ్బరు పట్టీది జిడ్డు మీద జారిపోయింది. డబ్బాకూ పట్టీకీ మధ్య ఎమెరీ పేపరు పెడితే కొంత నయం.

ఇంత చెప్పినా, ఈ రెంచ్‌ను నేను విప్పడానికి మాత్రమే వాడతాను, బిగించడానికి ఎన్నడూ వాడలేదు. ఫిల్టర్ బిగుసుకుపోవడానికి నేను చూసిన కారణాల్లో ముఖ్యమైనవి రెంచ్‌తో బిగించడం, రబ్బరు రింగును పొడిగా ఎక్కించడం, ఆ రబ్బరు వేడికి ఏళ్ళ తరబడి గట్టిపడేదాకా మార్చకపోవడం. కొత్త ఫిల్టర్ పెట్టేముందు ఇంజిన్ ముఖాన్ని వేలితో తడిమి పాత రింగు అక్కడే అంటుకొని ఉందేమో చూస్తాను, ఎందుకంటే రింగు మీద రింగు పడితే ఇంజిన్ స్టార్ట్ కాగానే ఆయిల్ ఒత్తిడికి అది పక్కకు జరిగి ఆయిలంతా బయటికి పోతుంది. ఇంజిన్ వైపున ఫిల్టర్ ఎక్కే నడిమి మర గొట్టం పాత ఫిల్టర్‌తో పాటు ఊడివచ్చిందేమో కూడా చూడాలి. కొత్త రింగుకు ఆయిల్ రాసి, అది ఇంజిన్‌ను తాకిన చోట డబ్బా మీద మార్కర్‌తో గీత పెట్టి, అక్కడి నుండి ముప్పావు చుట్టు చేత్తోనే తిప్పి ఆపుతాను. చాలా ఫిల్టర్ల మీద ఇలాంటి కొలతే అచ్చువేసి ఉంటుంది. ఇలా బిగించడం మొదలుపెట్టాక చివరి 3 మార్పుల్లో ఫిల్టర్ చేతికే వచ్చింది.

మొదటిసారి కొనేవారు ఫిల్టర్ కొసకూ దాని ఎదురుగా ఉన్న భాగానికీ మధ్య ఎంత ఖాళీ ఉందో స్కేలుతో కొలిచి చూసుకోవాలి. అరచేయి వెడల్పు ఉంటే మూడు కాళ్ళది ధైర్యంగా తీసుకోవచ్చు. అంత లేకపోతే ఉక్కు పట్టీ రెంచ్ తీసుకోవడం మేలు.