రాజు ఎముకల కథ చక్కగా చెప్పారు, యుద్ధభూమి దగ్గర తొందరపడ్డారు

మధ్యయుగ ఇంగ్లండు చరిత్రలో ఇటీవల బయటపడిన సంగతులను అవి దొరికిన చోటనే చూపిస్తామని చెప్పి, ఇంగ్లండు నడిమి ప్రాంతమైన మిడ్‌లాండ్స్‌లో ఒక చిన్న సంస్థ ఒక్కరోజు యాత్ర నడుపుతోంది. ఉదయం లెస్టర్ నగరం, మధ్యాహ్నం బాస్‌వర్త్ యుద్ధభూమి, సాయంత్రానికి మళ్లీ నగరం. ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్లను వెంటబెట్టుకుని ఈమధ్య మేమూ వెళ్లాము. ఆ సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. ఈ దారిలో ఎవరి వెంట వెళ్లేవారైనా ముందుగా అడిగి తెలుసుకోవలసిన విషయాలే ఈ సమీక్షలో ఎక్కువగా ఉంటాయి.

ముందుగా మెచ్చుకోవలసినది గైడుగా వచ్చిన ఆవిడను. ఇంగ్లండు రాజు మూడవ రిచర్డు 1485 ఆగస్టు 22న బాస్‌వర్త్‌లో, సింహాసనం కోసం పోటీకి వచ్చిన హెన్రీ ట్యూడర్ సేన చేతిలో చనిపోయాడనీ, శవాన్ని లెస్టర్‌కు తెచ్చి గ్రేఫ్రయర్స్ అనే ఫ్రాన్సిస్కన్ మఠంలో పాతిపెట్టారనీ, 1538లో ఆ మఠం మూతపడ్డాక సమాధి జాడే పోయిందనీ, ఎముకలను సోర్ నదిలో పారేశారన్న కథ జనంలో స్థిరపడిందనీ ఆవిడ నాలుగు మాటల్లో ముగించారు. అసలు సమయమంతా ఆ తరువాతి ప్రశ్నకు ఇచ్చారు: కారు పార్కింగు కింద దొరికిన ఎముకలు ఆ రాజువేనని ఎలా తేల్చారు? చరిత్ర యాత్రల్లో ఈ ప్రశ్న అరుదుగా వినిపిస్తుంది. చాలామంది గైడులు ఏం జరిగిందో చెబుతారు గాని, అది మనకు ఎలా తెలిసిందో చెప్పరు.

మూడవ రిచర్డు సందర్శన కేంద్రం 2014లో తెరిచారు. సమాధి దొరికిన చోటు మీద గాజు నేల పరిచి ఉంటుంది. దాని మీద నిలబడి ఆవిడ చెప్పిన వివరణ ఈ యాత్ర మొత్తానికీ విలువైన భాగం. సమాధిని వెతికించాలని పూనుకున్న రచయిత్రి ఫిలిప్పా లాంగ్లీ పట్టుదల, లెస్టర్ విశ్వవిద్యాలయ పురావస్తు బృందం పని కలిసి 2012 ఆగస్టు 25న తవ్వకం మొదలైంది, కాలి ఎముకలు మొదటి రోజే కనిపించాయి. శవపేటిక లేదు. గుంత కురచగా ఉండడంతో తల పక్క గోడకు ఎత్తి ఆనించి ఉంది, అంటే హడావిడిగా పూడ్చారన్నమాట. పాదాలు లేవు, తరువాతి శతాబ్దాల కట్టడాల పునాదులు ఇంకొంచెం పక్కకు జరిగి ఉంటే మిగతా అస్థిపంజరం కూడా దక్కేది కాదు.

ఎముకల వయసు తేల్చే రేడియోకార్బన్ పరీక్ష సంగతిని ఆవిడ వివరించిన తీరు నాకు బాగా నచ్చింది. మొదట వచ్చిన ఫలితం రాజు మరణించిన ఏడాది కన్నా ముందు కాలాన్ని చూపింది. సముద్రపు చేపలు ఎక్కువగా తిన్నవారి ఎముకలు ఈ పరీక్షలో అసలు వయసు కన్నా పాతవిగా కనిపిస్తాయి కాబట్టి, ఆ మేరకు లెక్క సరిచేశాక 1485 అందులో ఇమిడింది. ఆ భోజనం సంగతి ఎముకల్లోని రసాయన జాడలను బట్టి ఆహారాన్ని అంచనా వేసే ఐసోటోపు అధ్యయనం 2014లో వచ్చాక మరింత తేటపడింది: రాజయిన తరువాతి చివరి రెండేళ్లలో అతని ఆహారంలో వేటాడి తెచ్చిన పక్షులు, మంచినీటి చేపలు, ద్రాక్షసారాయి బాగా పెరిగాయి. అంత ఖరీదైన భోజనం చేసినవాడి పొట్టలోనూ ఏలికపాములు ఉండేవని సమాధి మట్టిలో దొరికిన గుడ్లు చెబుతున్నాయని ఆవిడ అనగానే, అంతవరకు మౌనంగా ఉన్న మా అత్తయ్యగారు కూడా నవ్వేశారు.

డీఎన్‌ఏ భాగం కూడా తొందర లేకుండా సాగింది. రిచర్డు అక్క ఆన్ నుంచి తల్లి వైపుగా దిగివచ్చిన సంతతిలో లండన్‌లో బల్లలు, కుర్చీలు చేసే మైకేల్ ఇబ్సెన్, మరో వంశపాయకు చెందిన వెండీ డల్డిగ్ దొరికారు. తల్లి నుంచి మాత్రమే సంక్రమించే మైటోకాండ్రియల్ డీఎన్‌ఏ ఇబ్సెన్‌కు పూర్తిగా, డల్డిగ్‌కు ఒక్క అక్షరం తేడాతో సరిపోయింది. తండ్రి వైపు మాత్రం కథ అడ్డం తిరిగింది. రిచర్డుకూ పూర్వీకుడైన మూడవ ఎడ్వర్డు రాజు నుంచి మగ వరుసలో దిగివచ్చినట్టు కాగితాల్లో ఉన్న బోఫర్ట్ డ్యూక్ సంతతికి చెందిన ఐదుగురు పురుషుల వై క్రోమోజోములు (ఇవి తండ్రి నుంచి కొడుకుకే వస్తాయి) రాజుదానితో కలవలేదు, అంటే ఆ వంశవృక్షంలో ఎక్కడో కాగితం మీది తండ్రి వేరు, కన్న తండ్రి వేరు. ఎక్కడన్నది తేలనందున సింహాసనం హక్కుల గురించి దీని ఆధారంగా ఏమీ చెప్పలేమని ఆవిడ వెంటనే హెచ్చరించడం నిజాయితీగా అనిపించింది. ఇదే విషయాన్ని పుకారులా అమ్ముకునేవారు తక్కువేమీ కాదు.

గాయాల గురించి కూడా అంతే నిగ్రహంగా మాట్లాడారు. మరణ సమయంలో తగిలిన 11 గాయాల్లో 9 పుర్రె మీదే ఉన్నాయి. చేతుల మీద గాయాలు లేకపోవడాన్ని బట్టి ఒంటి మీద కవచం ఉందనీ, పుర్రె మీది గాయాలను బట్టి తల మీద శిరస్త్రాణం లేదనీ ఊహిస్తున్నారు. వెన్నెముక పక్కకు వంగి ఉంది. దాన్ని పార్శ్వగూని అంటారు, వీపు మీద పొడుచుకువచ్చే గూని కాదు. షేక్‌స్పియర్ నాటకంలో రిచర్డుకు ఉన్నట్టు చూపే ఎండిపోయిన చేయి కల్పనే. అక్కడ పెట్టిన త్రీడీ నమూనా అస్థిపంజరంలో ఆ వంపును ఎవరైనా స్వయంగా చూడవచ్చు.

ఎదురుగానే ఉన్న కేథడ్రల్‌కు, అంటే నగరపు ప్రధాన చర్చికి, వెళ్లినప్పటి నుంచి యాత్ర పట్టు సడలింది. 2015 మార్చి 26న పునఃఖననం చేసిన సమాధిని, శిలువ ఆకారం లోతుగా చెక్కిన యార్క్‌షైర్‌లోని స్వేల్‌డేల్ నుంచి తెచ్చిన రాతిని చూపించారు. శవపేటికను చేసినది ఇబ్సెనే అని కూడా చెప్పారు. అయితే అదే కేథడ్రల్ పక్క తోటలో ఈమధ్య జరిగిన తవ్వకాలను ఒక్క వాక్యంతో సరిపెట్టారు. రిచర్డు తవ్వకం కన్నా కొత్త విషయం అదే కదా! వెయ్యికి పైగా ఖననాలు బయటపడిన ఆ చోట, బావిలా నిలువుగా తవ్విన ఇరుకు గుంతలో 123 మంది స్త్రీలు, పురుషులు, పిల్లలు దొరికారు. మొదట అందరూ 14వ శతాబ్దపు ప్లేగు మహామారి మృతులనుకున్నారు. రేడియోకార్బన్ కాలం మాత్రం 12వ శతాబ్దపు తొలినాళ్లను చూపింది, అంటే ఆ మహామారికి శతాబ్దంన్నర పైగా ముందు. ఎముకల మీద హింస ఆనవాళ్లు లేవు. కరువో, అంటువ్యాధో తేల్చడానికి నమూనాలను పరీక్షలకు పంపారు. ఒక రాజు కోసం గంటన్నర వెచ్చించిన యాత్ర, పేరు తెలియని 123 మందికి పది నిమిషాలైనా ఇవ్వకపోవడం నాకు లోటుగా తోచింది.

బాస్‌వర్త్ దగ్గర మరీ తొందరపడ్డారు. యాంబియన్ కొండ మీద సందర్శన కేంద్రం ఉంది గాని, యుద్ధం జరిగింది అక్కడ కాదు. పురావస్తు శాస్త్రవేత్త గ్లెన్ ఫోర్డ్ నాయకత్వంలో మెటల్ డిటెక్టర్లతో సాగిన సర్వే, ఆ కొండకు నైరుతిగా సుమారు మూడు కిలోమీటర్ల దూరంలో అసలు స్థలాన్ని గుర్తించింది. అక్కడ దొరికిన సీసపు గుండ్లు ముప్ఫైకి పైనే. వెండి మీద బంగారు పూతతో ఉన్న చిన్న అడవిపంది బిళ్ల అన్నిటికంటే ముఖ్యం, ఎందుకంటే అడవిపంది రిచర్డు చిహ్నం. ఇదంతా బస్సులోనే గబగబా చెప్పి, కొండ మీద దించి, ఆ దిక్కుకు వేలు చూపించి, వెనక్కు తీసుకువచ్చారు. పొలాల మధ్యకు వెళ్లలేమన్నది అర్థం చేసుకోగలను, కనీసం గుండ్లు ఎక్కడెక్కడ పడ్డాయో చూపే పటమైనా చేతికి ఇచ్చి ఉంటే వేలు ఎటు చూపిస్తున్నారో తెలిసేది.

సౌకర్యాల గురించి పెద్దగా చెప్పేందుకేమీ లేదు. బస్సు శుభ్రంగా ఉంది, సమయానికి బయలుదేరింది. మధ్యాహ్న భోజనం టికెట్టులో కలిసి ఉండదు, శాకాహారులు పులిహోరో చపాతీలో వెంట తెచ్చుకోవడం మేలు. మోకాళ్ల నొప్పులున్న పెద్దలకు నగరంలోని భాగం ఇబ్బంది పెట్టదు. కొండ మీద గాలి చలిగా ఉంటుంది.

లెస్టర్ భాగానికి నిజానికి యాత్ర సంస్థ అవసరం లేదు. రైలు దిగి నడిచి వెళ్లవచ్చు, కేంద్రం టికెట్టు ఎవరికి వారు కొనుక్కోవచ్చు. కారు లేనివారికి బాస్‌వర్త్ వెళ్లిరావడమే కష్టం, ఈ యాత్రకు డబ్బు పెట్టవలసినది అందుకే. ఆ భాగాన్నే కుదించారు కాబట్టి ప్రస్తుతానికి అయిదింటికి మూడున్నర ఇస్తాను. అందులో మూడు గైడు ఆవిడవి. టికెట్టు కొనేముందు, మధ్యాహ్నం కొండ మీద ఎంతసేపు ఉంచుతారో, తోటలోని తవ్వకాల గురించి చెబుతారో లేదో రాసి అడగండి.