బాలిలో 46 రోజులు: వీసా పని మేమే చేసుకుని ఉంటే 8 వేలు మిగిలేవి

బాలి నుంచి వచ్చి నెల దాటింది. ఫొటోలు ఇంకా సర్దలేదు గానీ ఇది మాత్రం ముందు రాయాలనిపించింది. బాలిలోని ఉబుద్ అనే ఊళ్లో వీసా పొడిగింపు పేరు చెప్పి ఒక ఏజెంటు మా దగ్గర 15 లక్షల రుపియాలు (ఇండోనేషియా డబ్బు), మన డబ్బులో సుమారు 8,000 రూపాయలు తినేశాడు. పోయిన డబ్బు కన్నా నన్ను ఎక్కువ బాధపెట్టింది మా అత్తయ్య పడ్డ టెన్షన్. ఆ వారం రోజులూ రాత్రిళ్లు లేచి కూర్చుని, "మనల్ని ఇక్కడే ఆపేస్తారేమో నాన్నా" అని మా ఆయన్ని అడిగేది.

వెళ్లింది ముగ్గురం. మా ఆయనకు ఉద్యోగంలో రెండు నెలల సెలవు దొరికింది. హడావుడిగా అయిదు రోజుల ప్యాకేజీ వద్దు, ఒకేచోట ఉండి చూద్దాం అనుకున్నాం. 2025 అక్టోబరు 28న దిగి డిసెంబరు 12న బయల్దేరేలా టికెట్లు తీసుకున్నాం.

మన పాస్‌పోర్టుకు అక్కడ వీసా లేకుండా ప్రవేశం లేదు. వీసా ఆన్ అరైవల్, అంటే అక్కడ దిగాక కూడా తీసుకోగలిగే వీసా ఉంది. 5 లక్షల రుపియాలు, సుమారు 2,700 రూపాయలు. 30 రోజులు ఉండొచ్చు, ఇంకో 5 లక్షలు కట్టి ఒక్కసారి మరో 30 రోజులు పెంచుకోవచ్చు. విమానాశ్రయంలో తీసుకున్నా, ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో తీసుకున్నా వీసా రుసుము అదే. మేం ఆన్‌లైన్‌లో తీసుకున్నాం. ఇక్కడ జాగ్రత్త. వెతికితే అచ్చం ప్రభుత్వ సైటులా కనిపించేవి బోలెడు వస్తాయి, రెట్టింపు తీసుకుంటాయి. అసలైనది ఇవీసా డాట్ ఇమిగ్రసి డాట్ గో డాట్ ఐడీ. చివర ఆ 'గో డాట్ ఐడీ' లేకపోతే మూసేయండి. పాస్‌పోర్టుకు ఆరు నెలల గడువు ఉండాలి, తిరుగు టికెట్ చేతిలో ఉండాలి. హైదరాబాద్‌లో బోర్డింగ్ పాస్ ఇచ్చే ముందే ఆ టికెట్ అడిగారు.

ఇంకో రెండు పనులున్నాయి. దిగడానికి ముందు మూడు రోజుల్లోపు 'ఆల్ ఇండోనేషియా' అనే ఫారం నింపాలి, అది ఉచితం. బాలి ప్రభుత్వం 2024 ఫిబ్రవరి నుంచి విదేశీయుల దగ్గర తీసుకుంటున్న 1,50,000 రుపియాల పర్యాటక రుసుము 'లవ్ బాలి' సైటులో కట్టాలి. మనిషికి సుమారు 800 రూపాయలు. ఇవన్నీ ముందే చేసుకోవడం వల్ల విమానాశ్రయంలో ఏ ఇబ్బందీ పడలేదు. కౌలాలంపూర్ మీదుగా వెళ్లి, ఇమిగ్రేషన్ దాటేసరికి రాత్రి 11:40. ఈ టైం గుర్తుంచుకోండి.

ఉబుద్‌లో ఒక హోమ్‌స్టేలో రెండు గదులు తీసుకున్నాం. రోజు లెక్కన అయితే గదికి మూడున్నర లక్షలు, నెల లెక్కన 70 లక్షల రుపియాలకు ఇచ్చారు. పొద్దున టిఫిను అందులోనే. ఇంటావిడను అందరూ 'ఇబు' అని పిలుస్తారు, మనం 'అమ్మా' అన్నట్టు. ఆవిడకు తెలుగు రాదు, మా అత్తయ్యకు తెలుగు తప్ప ఏదీ రాదు. అయినా ఇద్దరూ పొద్దున్నే అరుగు మీద కూర్చుని కొబ్బరాకు చీల్చి, చిన్న చిన్న దొన్నెలు అల్లి, పూలు పెట్టి గుమ్మం ముందు పెట్టేవాళ్లు. ఆ మొదటి మూడు వారాలు ఎలా గడిచాయో తెలియలేదు.

అత్తయ్య శాకాహారి. భోజనం కష్టమవుతుందని భయపడ్డాం. టెంపే దొరికాక ఆ భయం పోయింది. పులియబెట్టిన సోయా గింజల అచ్చు అది. ఇబు సన్నగా తరిగి, కరకరలాడేలా వేయించి, వేరుశనగ పప్పుతో కలిపి పెడితే మా అత్తయ్య అన్నంలో నంజుకుని రెండోసారి అడిగి వేయించుకుంది. బయట తినేటప్పుడు మాత్రం 'తన్‌పా తెరాసి', అంటే తెరాసి లేకుండా, అని చెప్పండి. తెరాసి అంటే రొయ్యల ముద్ద, చాలా పచ్చళ్లలో కలుపుతారు. పక్కన పెట్టే అప్పడాలు కూడా చాలాచోట్ల రొయ్యలవే.

ఇక ఏజెంటు సంగతి. ఉబుద్‌లో వీసా పొడిగింపు బోర్డులు కనిపించని వీధి లేదు. నవంబరు 7న ఒక చోటికి వెళ్లాం. మనిషికి 11 లక్షలు, ముగ్గురికి 33 లక్షలు, అంటే సుమారు 17,600 రూపాయలు అడిగాడు. "మీరు ఎక్కడికీ రానక్కర్లేదు, అంతా మేమే చూసుకుంటాం" అన్నాడు. పెద్దావిడను తిప్పడం ఎందుకని మా ఆయన ఒప్పుకున్నారు. పాస్‌పోర్టులు ఇచ్చాం. ఆన్‌లైన్ వీసా మా ఖాతాలో ఉంది కాబట్టి దాని పాస్‌వర్డ్ కూడా అడిగాడు. అదీ ఇచ్చేశాం. రసీదు మీద గడువు తేదీ నవంబరు 27 అని తనే రాశాడు.

పది రోజులు ఉలుకూ పలుకూ లేదు. ఈలోగా ఇబు వచ్చి, 19న గలుంగన్ పండగ, ముందూ వెనకా ఎవరూ పనిలో ఉండరు, మీ కాగితాల పని చూసుకోండి అంది. 17న వెళ్లి అడిగితే, "తొందరేముంది, పండగయ్యాక 24న పంపిస్తా, మీకు 27 దాకా ఉంది" అన్నాడు. గదికి వచ్చి మా ఆయన మళ్లీ లెక్క వేశారు. దిగిన రోజే మొదటి రోజు. రాత్రి 11:40కి దిగినా, మిగిలిన 20 నిమిషాలూ ఒక రోజు కిందే లెక్క. అలా చూస్తే ముప్పయ్యో రోజు 26, 27 కాదు. ఒక్క రోజు దాటినా మనిషికి 10 లక్షల రుపియాల జరిమానా. ముగ్గురికి సుమారు 16,000 రూపాయలు. 60 రోజులు దాటితే దేశం నుంచి పంపించేస్తారు.

ఖాతా తెరిచి చూస్తే పొడిగింపు దరఖాస్తే లేదు. అతను ఏమీ మొదలుపెట్టలేదు. పైగా 2025 మే చివరి నుంచి వీసా ఆన్ అరైవల్ పొడిగించుకునే ప్రతి ఒక్కరూ ఇమిగ్రేషన్ ఆఫీసుకు స్వయంగా వెళ్లి ఫొటో దిగి, చిన్న ఇంటర్వ్యూ ఇవ్వాలి. ఏ ఏజెంటూ దాన్ని తప్పించలేడు. 'రానక్కర్లేదు' అన్న మాటే అబద్ధం. ఆ సాయంత్రమే వెళ్లి గట్టిగా అడిగితే పాస్‌పోర్టులు, 18 లక్షలు తిరిగి ఇచ్చాడు. మిగతా 15 లక్షలు 'సర్వీసు చార్జీ' అట. చేయని పనికి చార్జీ! నేను ఇంకా గొడవ పడేదాన్నే, మా ఆయన పాస్‌పోర్టులు చేతికొచ్చాయి చాలు అని లాక్కొచ్చేశారు. ముందు పాస్‌వర్డ్ మార్చాం. రాత్రి భోజనాలయ్యాక ముగ్గురికీ దరఖాస్తు పెట్టి, 15 లక్షలు కట్టడానికి గంట కూడా పట్టలేదు.

ఉబుద్ గియన్యార్ జిల్లాలోది కాబట్టి మాకు దెన్‌పసార్ ఇమిగ్రేషన్ ఆఫీసు, అది ఆ నగరంలోని రెనోన్ అనే పేటలో ఉంది. కుటా, చంగూ వైపు ఉండేవాళ్లు జింబరాన్‌లోని ఆఫీసుకు వెళ్లాలి. నిక్కర్లు, చెప్పులు, చేతుల్లేని జాకెట్లు వేసుకుని వెళ్లకండి. 21న పొద్దున కారు మాట్లాడుకుని వెళ్లాం, రానూపోనూ 4 లక్షలు. అత్తయ్య దారంతా ఒక్క మాట మాట్లాడలేదు. లోపల కౌంటరులో ఉన్న అమ్మాయి ఆవిడ చీర చూసి లేచి, చేతులు జోడించి నమస్కారం పెట్టి, లైనులో నిలబెట్టకుండా ముందు కూర్చోబెట్టి ఫొటో తీసింది. ఎక్కడ ఉంటున్నారు, ఎప్పుడు వెళ్తున్నారు, అంతే అడిగింది. 24న మెయిల్‌లో పొడిగింపు వచ్చింది.

రెండు నెలలకు మించి ఉండాలనుకునేవాళ్లు ఈ వీసా జోలికి వెళ్లకండి. సీ1 అనే పర్యాటక వీసా ముందే తీసుకోండి. మొదట 60 రోజులు ఇస్తారు, పొడిగించుకుంటూ 180 రోజుల దాకా ఉండొచ్చు. విదేశీ కంపెనీకి అక్కడి నుంచి పని చేసేవాళ్లకు ఈ33జీ అని ఏడాది వీసా ఉంది, కానీ ఏడాదికి 60,000 డాలర్ల ఆదాయం చూపించాలి.

29న కునింగన్, గలుంగన్ తర్వాత పదో రోజున వచ్చే పండగ. ఇబు మా అత్తయ్యకు తన కెబాయా (అక్కడి ఆడవాళ్ల సంప్రదాయ పైవస్త్రం) ఇచ్చి, నడుముకు పట్టీ తనే కట్టి గుడికి తీసుకెళ్లింది. వీధి పొడవునా పెంజోర్లు, అంటే పండక్కి అలంకరించి నిలబెట్టే వెదురు గెడలు, వంగి ఉన్నాయి. అత్తయ్య ఆ రోజు మధ్యాహ్నం తిని పడుకుంటే సాయంత్రం అయిదు దాకా లేవలేదు.